పేరు దాచితే చాలదు

2023 మార్చిలో సైబరాబాద్ పోలీసులు ఏడుగురు సభ్యుల ముఠాను పట్టుకున్నారు. వాళ్ల దగ్గర 16.8 కోట్ల మంది వ్యక్తిగత వివరాలు దొరికాయని అప్పటి కమిషనర్ స్టీఫెన్ రవీంద్ర ప్రకటించారు. పాన్ కార్డుదారులు, ప్రభుత్వోద్యోగులు, రుణాలకూ బీమాకూ దరఖాస్తు పెట్టుకున్నవాళ్లు, విద్యార్థులు, చివరికి రక్షణశాఖ సిబ్బంది కూడా ఆ జాబితాల్లో ఉన్నారు. సరుకు వర్గాలుగా విడదీసి, ధర కట్టి, అడిగినవాళ్లకి అమ్ముతున్నారు. వ్యాపారం నడిచింది నోయిడా నుంచి. పది రోజులు తిరక్కముందే ఫరీదాబాద్ కేంద్రంగా సాగిన మరో వ్యాపారాన్ని అదే పోలీసులు బయటపెట్టారు. అక్కడ తేలిన లెక్క 24 రాష్ట్రాలు, 8 మహానగరాలకు చెందిన 66.9 కోట్ల మంది వివరాలు. కేసు నమోదైంది హైదరాబాద్ పక్కన. సరుకు నిల్వ ఉన్నది ఢిల్లీ చుట్టుపక్కల.

నోయిడా 62వ సెక్టారు నుంచి జాతీయ రహదారి దాటితే ఇందిరాపురం. గాజియాబాద్ జిల్లాలో నీతిఖండ్, న్యాయఖండ్, అహింసాఖండ్, వైభవ్‌ఖండ్ అనే పేర్లతో వరసగా లేచిన అపార్ట్‌మెంట్ల ఊరు అది. ఉద్యోగాల కోసం దేశం నలుమూలల నుంచీ వచ్చి స్థిరపడినవాళ్లలో తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. ఇంటర్నెట్‌లో అజ్ఞాతంగా ఉండటమంటే ఏమిటో, అది ఎక్కడ దొరుకుతుందో, ఎక్కడ దొరకదో తేల్చుకోవడానికి ఈ ఊరి ఫ్లాటు ఒకటి తీసుకుంటే విషయం స్పష్టంగా కనిపిస్తుంది. పేరు చెప్పకుండా ఉండటమే అజ్ఞాతం అని మనలో చాలామంది అనుకుంటాం. ఈ అధ్యాయంలో నేను వాదించబోయేది వేరు. మనిషి అజ్ఞాతంగా ఉన్నాడా లేదా అన్నది అతని పేరు తెలియడం మీద ఆధారపడదు. అతన్ని ఎంతమందిలోంచి వేరు చేసి చూపించగలుగుతున్నారన్న దాని మీద ఆధారపడుతుంది. తిరునాళ్లలో తెల్ల పంచె కట్టుకున్న మనిషిని పట్టుకోలేం, ఎర్ర తలపాగా చుట్టుకుంటే పేరు తెలియకపోయినా పట్టుకుంటాం. నెట్‌లో మనకు తెలియకుండానే మన తలకు ఎన్ని రంగుల తలపాగాలు చుట్టుకుంటున్నాయన్నదే అసలు ప్రశ్న.

నీతిఖండ్‌లోని ఒక ఫ్లాటులో ఒకాయన రాత్రి నిద్ర పట్టక, డిప్రెషన్ మందుల గురించి ఫోన్‌లో ఒక ఆరోగ్య సైటు తెరిచాడనుకుందాం. ముందుగా ఆ సైటు చిరునామా ఎక్కడుందో చెప్పమని ఫోన్ ఒక డీఎన్‌ఎస్ సర్వర్‌ని అడుగుతుంది. ప్రత్యేకంగా ఏర్పాటు చేసుకోకపోతే ఆ సర్వర్ సాధారణంగా ఆయనకి ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీదే. తర్వాత సైటుతో సంభాషణ మొదలవుతుంది. చిరునామా ముందు తాళం గుర్తు ఉంటే లోపలి మాటలు గుప్తలిపిలో వెళతాయి, ఏ మందు గురించి చదివాడో కంపెనీకి తెలియదు. కానీ మొదటి పలకరింపులో సైటు పేరు చాలావరకు ఇప్పటికీ బాహాటంగానే వెళుతుంది. అంటే ఎవరింటికి వెళ్లాడో తెలుసు, లోపల ఏం మాట్లాడాడో తెలియదు. ఇక ఆ సైటు పేజీలో ప్రకటనల కంపెనీలవీ, లెక్కలు కట్టే కంపెనీలవీ చిన్న చిన్న ప్రోగ్రాములు ఉంటాయి. వాటికి ఆయన ఐపీ చిరునామా, ఫోన్ రకం, తెర కొలత, బ్రౌజర్ వెర్షన్, కాలమండలం, ఎంచుకున్న భాష చేరతాయి. ఇవన్నీ పేజీ సరిగ్గా కనిపించడానికి పనికొచ్చే వివరాలే. ఎవరూ దొంగిలించలేదు, ఎవరూ ఆయన్ని పేరు అడగలేదు.

ఇక్కడ కాస్త లెక్క చూడాలి. భూమ్మీద ఎనిమిది వందల కోట్ల పైచిలుకు మందిలో ఒకర్ని పట్టుకోవడానికి అవును, కాదు అనే జవాబులొచ్చే ప్రశ్నలు 33 చాలు, ప్రతి ప్రశ్నా మిగిలిన జనాన్ని సగానికి తగ్గించగలిగితే. 2011 జనాభా లెక్కల్లో గాజియాబాద్ జిల్లా జనం దాదాపు 47 లక్షలు. ఐపీ చిరునామా గాజియాబాద్‌ని చూపిస్తే 11 ప్రశ్నలకు ఒక్కసారే జవాబు దొరికినట్టే. ఆయన ఫోన్‌ని తెలుగులో పెట్టుకున్నాడు, బ్రౌజర్ ప్రతి సైటుకీ ఆ సంగతి చెబుతుంది. ఆ జిల్లాలో వెయ్యిమందికి ఒకరు అలా పెట్టుకున్నారని ఉదాహరణకు అనుకున్నా మరో పది ప్రశ్నలు తీరిపోతాయి, మిగిలేది ఐదువేల లోపు మనుషులు. ఫోన్ మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్, తెర కొలత కలిపితే ఆ గుంపు పదుల్లోకి వస్తుంది. ఇదే ఫోన్ గుంటూరులో ఉంటే తెలుగు అన్న సమాచారం ఎవర్నీ పెద్దగా వేరు చేయదు, అక్కడ అలా పెట్టుకునే జనం ఎక్కువ. సొంత భాషకు దూరంగా బతికేవాడికి ఆ భాషే గుర్తింపు చిహ్నమవుతుంది. వలస వెళ్లిన తెలుగువాళ్లు ఈ విషయాన్ని ప్రత్యేకంగా పట్టించుకోవాలి. దానికి పరిష్కారం తెలుగు మానుకోవడం కానే కాదు. అడగని సైటుకు భాష చెప్పని బ్రౌజర్లు కావాలి, తెలుగులో ఫోన్ వాడేవాళ్లు ఇంకా పెరగాలి.

ఇది కాగితం మీద లెక్కే కదా అనవచ్చు. కానీ డిజిటల్ హక్కుల కోసం పనిచేసే ఎలక్ట్రానిక్ ఫ్రంటియర్ ఫౌండేషన్ 2010లో దాదాపు 4.7 లక్షల బ్రౌజర్లను పరీక్షిస్తే 83.6 శాతం బ్రౌజర్ల ముద్ర, అంటే ఇలాంటి వివరాలన్నీ కలిపిన రూపం, మరొకదానితో కలవలేదు. ఆ పరీక్షకు వచ్చినవాళ్లు గోప్యత మీద ఆసక్తితో పనిగట్టుకు వచ్చినవాళ్లు, వాళ్ల కంప్యూటర్లు మామూలు జనానివి కావు. 2018లో ఫ్రాన్స్‌లో ఒక సాధారణ సైటు చూసినవాళ్ల 20 లక్షలకు పైగా ముద్రలు పరిశీలిస్తే ఒంటరిగా నిలిచినవి 33.6 శాతమే. కాబట్టి మొదటి అంకెను అందరికీ వర్తింపజేయడం తప్పు. కానీ రెండో అంకె కూడా ముగ్గురిలో ఒకరు ఏ కుకీ (సైటు మన ఫోన్‌లో దాచే గుర్తు ఫైలు) లేకుండానే దొరికిపోతారని చెబుతోంది. ఆ ఒక్కరూ సాధారణంగా తక్కువమంది వాడే పరికరం, తక్కువమంది వాడే భాష, తక్కువమంది పెట్టుకునే సెట్టింగు ఉన్నవాళ్లే.

పేరు తీసేసిన జాబితాల సంగతీ ఇంతే. అమెరికాలో లటాన్యా స్వీనీ అనే పరిశోధకురాలు 1990 జనాభా లెక్కల ఆధారంగా, తపాలా కోడు, పుట్టినతేదీ, ఆడా మగా అన్న మూడు వివరాలతోనే 87 శాతం అమెరికన్లను ఒంటరిగా గుర్తించవచ్చని అంచనా కట్టింది. మన పిన్‌కోడ్‌లో జనం ఎక్కువ కాబట్టి మనకు ఆ ప్రమాదం లేదని ఊరట పడేముందు లెక్క వేసి చూడాలి. దేశంలో దాదాపు 19 వేల పిన్‌కోడ్‌లు, 140 కోట్ల జనం, సగటున ఒక పిన్‌కోడ్‌లో 73 వేల మంది. ఎనభై ఏళ్ల పుట్టినతేదీలూ రెండు లింగాలూ కలిపితే 58 వేల గదులు. గదికి ఒకటిన్నర మంది కూడా రారు. ఇందిరాపురం 201014 లాంటి కిక్కిరిసిన పిన్‌కోడ్‌లో గదికి ఇంకొందరు ఎక్కువ ఉండవచ్చు, అంతే. బడిలో చేర్చేటప్పుడు హెడ్మాస్టరు జూలై 1 అనో జనవరి 1 అనో రాసేసిన పాతతరం వాళ్లు మాత్రం ఈ లెక్కలో కాస్త సురక్షితం, ఆ తేదీల గదుల్లో నిజంగానే గుంపు ఉంది. పుట్టినతేదీ పక్కాగా నమోదైన వాళ్ల పిల్లలకు ఆ రక్షణ లేదు. తిరిగిన చోట్ల విషయం మరీ ఘోరం. ఒక ఐరోపా దేశంలో 15 లక్షల మంది సెల్‌ఫోన్ల కదలికలను పరిశీలించిన 2013 నాటి అధ్యయనంలో, ఏ సమయంలో ఎక్కడున్నారో నాలుగు సందర్భాలు తెలిస్తే 95 శాతం మందిని విడిగా గుర్తుపట్టవచ్చని తేలింది. రాత్రి ఇందిరాపురంలో, పగలు నోయిడా ఆఫీసులో, ఆదివారం గుడిలో, పండక్కి కాకినాడలో ఉండే ఫోన్ దేశం మొత్తంలో ఎన్ని ఉంటాయి?

అలాగే నోయిడా ముఠా అమ్మిన సరుకులో ఏ ఒక్క ముక్కా దానంతట అది ప్రాణం తీసేది కాదు. రుణానికి దరఖాస్తు పెట్టాడన్నది ఒక ముక్క, డీమ్యాట్ ఖాతా ఉందన్నది ఇంకో ముక్క, కూతురు ఏ కోర్సులో చేరిందన్నది మరో ముక్క. వీటిని ఒక మనిషిగా కుట్టే దారం మొబైల్ నంబరు. కూరగాయల యాప్‌కి అదే నంబరు, ఆసుపత్రికి అదే, బ్యాంకుకి అదే, అపార్ట్‌మెంట్ గేటు దగ్గర సెక్యూరిటీ చేతిలోని ఫోన్‌లో నమోదయ్యేదీ అదే. పాశ్చాత్య దేశాల్లో రాసిన గోప్యతా పుస్తకాలు తరచు కుకీల దగ్గర ఆగిపోతాయి. మన దేశంలో కుకీ కన్నా పది రెట్లు బలమైన గుర్తు ఫోన్ నంబరు. పదేళ్లు గడిచినా మారదు, ఆధార్‌కీ బ్యాంకుకీ ముడిపడి ఉంటుంది, మనమే నోటితో చెబుతాం.

ఇన్‌కాగ్నిటో అన్న నల్లకళ్లద్దాల గుర్తు మీద జనానికి ఉన్న నమ్మకం ఈ మొత్తంలో నన్ను ఎక్కువగా బాధపెట్టే విషయం. అది చేసే ముఖ్యమైన పని ఒక్కటే. కిటికీ మూయగానే ఆ ఫోన్‌లో చరిత్ర, కుకీలు ఉంచదు. ఇంట్లోవాళ్ల కంట పడకుండా ఉండటానికి అది పనికొస్తుంది. ఇంటర్నెట్ కంపెనీకీ, ఆఫీసు నెట్‌వర్కుకీ, చూసిన సైటుకీ అది అడ్డు కాదు. 2020లో అమెరికాలో వేసిన దావా పర్యవసానంగా, ఇన్‌కాగ్నిటోలో జనం తిరిగిన కోట్లాది రికార్డులను చెరిపేయడానికి గూగుల్ 2024లో ఒప్పుకుంది. వీపీఎన్ కొంత మేలు. ఇందిరాపురం ఐపీ బదులు సైటుకు వీపీఎన్ కంపెనీ ఐపీ కనిపిస్తుంది. కానీ ఇంటర్నెట్ కంపెనీ మీద ఉంచిన నమ్మకాన్ని తీసి వీపీఎన్ కంపెనీ మీద పెట్టామంతే. 2022 ఏప్రిల్ 28న ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్‌-ఇన్ ఇచ్చిన ఆదేశం ప్రకారం వీపీఎన్ సంస్థలు వాడకందారుల పేరు, చిరునామా, ఫోన్ నంబరు, ఇచ్చిన ఐపీ వివరాలను ఐదేళ్లపాటు దాచాలి. దాంతో కొన్ని విదేశీ సంస్థలు భారత్‌లోని సర్వర్లను ఎత్తేశాయి. ఉచితంగా వచ్చే వీపీఎన్ దేని మీద బతుకుతోందో తెలియనప్పుడు దాన్ని వాడకపోవడమే మంచిది.

టార్ మీద ఇంకాస్త నిలవాలి, ఎందుకంటే నా వాదన మొత్తం దానిలో ఉంది. టార్‌లో మన మాట మూడు కంప్యూటర్ల గుండా, మూడు పొరల గుప్తలిపిలో వెళుతుంది. మొదటిదానికి మనం ఎవరో తెలుసు, ఎక్కడికి వెళుతున్నామో తెలియదు. చివరిదానికి ఎక్కడికో తెలుసు, ఎవరో తెలియదు. ఈ ఆలోచన 1990ల్లో అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో పుట్టింది. దాన్ని సైన్యం తన దగ్గరే ఉంచుకోకుండా జనానికి వదిలిపెట్టడానికి గట్టి కారణం ఉంది. నౌకాదళం మాత్రమే వాడితే, అందులోంచి వచ్చిన ప్రతివాడూ నౌకాదళం మనిషేనని ఇట్టే తెలిసిపోతుంది. గూఢచారి దాక్కోవాలంటే విలేకరులూ, విద్యార్థులూ, ఏ రహస్యమూ లేని మామూలు మనుషులూ అదే దారిలో నడవాలి. దీనికి రుజువు 2013 డిసెంబరులో హార్వర్డ్‌లో దొరికింది. పరీక్ష తప్పించుకోవడానికి ఒక విద్యార్థి టార్ ద్వారా బాంబు బెదిరింపు పంపాడు. టార్‌ని ఎవరూ ఛేదించలేదు. ఆ సమయంలో విశ్వవిద్యాలయం వైఫైలో టార్ వాడినవాళ్లెవరో వెతికారు, వెళ్లి అడిగారు, అతను ఒప్పుకున్నాడు. సాధనం గట్టిదే, గుంపే చిన్నది.

ఈ ఉదాహరణ ఎత్తగానే బలమైన అభ్యంతరం ఒకటి వస్తుంది. అజ్ఞాతం నేరగాళ్లకే కదా ఉపయోగం, అందరూ అసలు పేర్లతో తిరిగితే మోసాలూ బూతులూ తగ్గవా? మారుపేర్ల వెనక నుంచి ఆడవాళ్లని వేధించేవాళ్లను రోజూ చూస్తున్న సమాజంలో ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోకూడదు. దక్షిణ కొరియా దీన్ని ఆచరించి చూసింది. 2007 నుంచి పెద్ద సైట్లలో వ్యాఖ్య రాయాలంటే గుర్తింపు సంఖ్యతో అసలు పేరు నిరూపించుకోవాలన్నారు. సైట్ల దగ్గర జనం వివరాలు గుట్టలు పడ్డాయి. 2011 జూలైలో ఒకే కంపెనీ నుంచి 3.5 కోట్ల మంది వివరాలు దొంగలపాలయ్యాయి, ఆ దేశ జనాభాలో అది మూడింట రెండొంతులు. 2012 ఆగస్టులో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఆ నిబంధనను ఏకగ్రీవంగా కొట్టేసింది. మన దగ్గర డిజిటల్ అరెస్టు మోసాలు జరిగే తీరు చూస్తే అసలు పేర్ల నిబంధన ఎందుకు పనిచేయదో ఇంకా తేటపడుతుంది. సీబీఐ అధికారినంటూ ఫోన్ చేసినవాడు మన పేరు, చిరునామా, ఆధార్ అంకెలు గడగడా చదవగలగడమే వాడి యూనిఫాం. 2024లో మొదటి నాలుగు నెలల్లోనే ఈ రకం మోసాల్లో జనం 120 కోట్ల రూపాయలు పోగొట్టుకున్నారని కేంద్ర హోంశాఖ సైబర్ నేరాల విభాగం లెక్క. ఆ మోసగాడు దాక్కునేది ఇంకొకరి పేరు మీద తీసుకున్న సిమ్ వెనక, ఇంకొకరి బ్యాంకు ఖాతా వెనక. మామూలు మనిషి వివరాలు అంగట్లో దొరకడమే దొంగకు ముసుగవుతోంది. వేధించినవాణ్ని పట్టుకోవడానికి న్యాయస్థానం ముందు కారణం చూపి, ఆ ఒక్కడి వివరాలు రాబట్టే దారి ఉంది. దానికోసం కోట్లమందిని ముందే జాబితాకెక్కించనక్కరలేదు.

నేను తప్పు చేయడం లేదు, నాకు దాచుకునేదేముంది అన్న మాట ఇంకొకటి. దీనికి జవాబు ఇందిరాపురం ఉన్న ఉత్తరప్రదేశ్‌లోనే అరవై ఏళ్ల కిందట దొరికింది. 1941లో ఒక దోపిడీ కేసులో అనుమానించి, సాక్ష్యం లేక వదిలేసిన ఖడక్ సింగ్ అనే మనిషి పేరున పోలీసులు రికార్డు తెరిచి, రాత్రిళ్లు తలుపు తట్టడం, ఎక్కడికెళితే అక్కడ నిఘా పెట్టడం మొదలెట్టారు. 1962లో సుప్రీంకోర్టు రాత్రి తలుపు తట్టడాన్ని కొట్టేసినా, మిగతా నిఘాను సమర్థించింది, గోప్యత రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదంది. దానితో విభేదించినవారు రాజమండ్రికి చెందిన జస్టిస్ కోకా సుబ్బారావు, ఆయనతో కలిసి జస్టిస్ జె.సి. షా. వెంట నిఘా ఉందని తెలిసిన మనిషి కాళ్లు కదిలినా మనసు స్వేచ్ఛగా కదలదన్నది ఆయన తర్కం. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తిస్తూ ఆ అల్పసంఖ్యాక అభిప్రాయానికే పట్టం కట్టారు. ఆ తొమ్మిదిమందిలో కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్ ఒకరు. డిప్రెషన్ మందుల గురించి చదివినవాడు ఏ తప్పూ చేయలేదు. రేపు బీమా కంపెనీకో ఆఫీసుకో తెలుస్తుందన్న భయంతో అతను చదవడమే మానేస్తే, డాక్టరు దగ్గరకు వెళ్లడమే వాయిదా వేస్తే, నష్టం అక్కడే జరిగిపోయింది.

ఇప్పటికే అంతా బయటపడింది, ఇంక చేసేదేముంది అన్న నిస్పృహ వీటన్నిటికన్నా ప్రమాదం. 2017 మేలో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ పరిశోధకులు ఆధార్ నంబర్లు బాహాటంగా కనిపిస్తున్న నాలుగు ప్రభుత్వ సైట్లను చూపించారు. అందులో రెండు ఆంధ్రప్రదేశ్‌వి, చంద్రన్న బీమాదీ ఉపాధి హామీ చెల్లింపులదీ. నాలుగింటిలోనూ కలిపి 13 కోట్లకు పైగా నంబర్లు బయటపడి ఉండవచ్చని వాళ్ల అంచనా. ఆ నంబర్లు వెనక్కి రావు, నిజమే. కానీ అమ్మకానికి పెట్టిన జాబితా విలువ తాజాదనంలో ఉంటుంది. నిన్నటి రుణం, ఈ వారం ఆసుపత్రి, ఇవాళ్టి వెతుకులాట దానికి చేరకపోతే పాత జాబితా ఏడాది ఏడాదికీ మొద్దుబారుతుంది. చట్టం సాయం చేయదా అంటే కొంత చేస్తుంది. 2023 ఆగస్టులో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో 250 కోట్ల దాకా జరిమానాలున్నాయి. కానీ నియమాలు 2025 నవంబరులో గానీ వెలువడలేదు, కంపెనీల ముఖ్య బాధ్యతలకు ఆ పైన 18 నెలల గడువిచ్చారు. కేంద్రం నోటిఫై చేసిన ప్రభుత్వ సంస్థలకు మినహాయింపు ఇచ్చే వెసులుబాటు అందులోనే ఉంది. నా దృష్టిలో చట్టంలో అన్నిటికన్నా పెద్ద లోపం అది.

కాబట్టి చేయవలసింది ఈ ముక్కలను కుట్టే ఫోన్ నంబరు దారాన్ని తెంపడం. బ్యాంకుకూ ఆధార్‌కూ ఇచ్చిన నంబరు మరెక్కడా ఇవ్వకుండా, దుకాణాలకూ డెలివరీలకూ యాప్‌లకూ చవక ప్లాన్‌తో రెండో సిమ్ పెట్టుకోవడం మన దేశంలో ఏ వీపీఎన్ కన్నా ఎక్కువ పనిచేస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ కింద యాడ్స్‌లోకి వెళితే ప్రకటనల ఐడీని పూర్తిగా తొలగించే అవకాశం ఉంది. యాప్‌లన్నీ ఒకే ఫోన్‌ని గుర్తుపట్టడానికి వాడుకునే సంఖ్య అదే, తీసేస్తే ఏ పనీ ఆగదు. బ్యాంకు పనికి ఒక బ్రౌజరు, చదువుకోవడానికి ఇంకొకటి ఉంచుకుని, రెండోదాంట్లో ఏ ఖాతాలోకీ లాగిన్ కాకుండా ఉంటే, థర్డ్‌పార్టీ కుకీలను ఆపేస్తే, ఆ రెండు జీవితాలూ కలవడం కష్టమవుతుంది. హోటల్లోనో అద్దె ఇంటికో ఆధార్ అడిగితే చివరి నాలుగంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వవచ్చు. దాడులు ఎదురయ్యే విలేకరికో, హింసించే భర్త నుంచి తప్పించుకోవాలనుకునే స్త్రీకో ఇవి చాలవు, వాళ్లకి టార్ కావాలి. వాళ్లు అందులో ఒంటరిగా కనిపించకుండా ఉండాలంటే, ఏ అవసరమూ లేని మనమూ అప్పుడప్పుడు టార్ బ్రౌజర్‌లో వార్తలు చదువుకోవాలి. మనం ఇచ్చే గుంపే వాళ్లకి గోడ.

ఇంకొక పని మీరు ఒక్కరే చేయలేరు, పొరుగువాళ్లతో కలిసి చేయాలి. మీ అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వచ్చేపోయేవాళ్ల పేరు, ఫోన్ నంబరు, ఫోటో, వెళ్లే ఫ్లాటు నమోదవుతున్నాయి. అవి పనిమనిషివీ, డెలివరీ కుర్రాడివీ, మీ చుట్టాలవీ. వచ్చే సంఘం సమావేశంలో లేచి అడగండి: ఈ వివరాలు ఎవరి దగ్గర ఉంటున్నాయి, ఎన్ని రోజులకు చెరిపేస్తున్నారు? జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. ముప్పై రోజులకు మించి ఉంచకూడదని తీర్మానం చేయించండి.